ఆర్లో టాగర్ట్ నాలుగు పేజీలు

నాకు నోరెక్కువని వాషింగ్టన్‌లో నన్నెరిగిన వాళ్ళందరూ అంటారు. అబద్ధమేమీ కాదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ నోటితోనే బతికాను. ఎవరికి ఎవరు కావాలో కనిపెట్టి, ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడమే నా పని. అలాంటిదాన్ని, తెరవాల్సిన ఒక్క చోట నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ సంగతి చెబుతాను. నన్ను నేను వెనకేసుకు రావడానికి మాత్రం కాదు.

నా పేరు వెర్నా కాల్డ్‌వెల్. ఇక్కడి చట్టసభ కాంగ్రెస్ ఆఫీసుల్లో పద్దెనిమిదేళ్ళు పనిచేసి బయటికొచ్చాక, ఒక ఫౌండేషన్ సాయంతో ‘మంగళవారం బల్ల’ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టాను. కృత్రిమ మేధ మీద చట్టాలూ విధానాలూ తయారుచేసే వాళ్ళలోంచి, పదేళ్ళకి తక్కువ కాకుండా ఆ పనిలో నలిగిన పద్దెనిమిది మందిని ఏరుతాను. ఎవరూ ఉద్యోగం మానక్కర్లేదు. జనవరి నుంచి మే దాకా రెండు వారాలకొక మంగళవారం, పొద్దున్న ఏడున్నరకి, చట్టసభ భవనం కాపిటల్ దగ్గర ఒక పాత హోటలు మేడ మీద గదిలో టిఫిను. తొమ్మిదింటికి ఎవరి ఆఫీసుకి వాళ్ళు. పాఠాలు లేవు, పట్టాలు లేవు. విషయం తెలిసినవాళ్ళని, నిర్ణయించేవాళ్ళ దగ్గరికి చేర్చడం, అంతే. ఈ ఊళ్ళో తెలివైనవాళ్ళకి కొదవ లేదు, వాళ్ళ ఫోను ఎత్తేవాళ్ళే దొరకరు.

మా బల్లకి ఒక పద్ధతి ఉంది. నేనే పెట్టాను, పెట్టినందుకు మురిసిపోయాను కూడా. ప్రతిసారీ ఒక్కొక్కరూ నీలం చీటీ మీద ఒకే ఒక్క కోరిక రాసిస్తారు, ఫలానా వారితో పరిచయం కావాలని. ఆ ఫలానా వారిని నేను చాటుగా అడుగుతాను. సరేనంటే ఇద్దరినీ కలుపుతూ ఈమెయిల్ పంపుతాను. వద్దంటే ఎవరికీ ఏమీ చెప్పను. రెండు వారాల్లో నా దగ్గర్నుంచి కబురు రాకపోతే అవతలివాళ్ళు వద్దన్నారని అర్థం. ఎందుకని అడగకూడదు, మళ్ళీ అదే కోరిక రాయకూడదు. కాదన్నవాళ్ళకి మొహమాటం ఉండదు, కాదనిపించుకున్నవాళ్ళకి తల కొట్టేసినట్టు ఉండదు. మొదటి రోజే నిలబడి ఇదంతా చెప్పాను. నేనేమీ మాట్లాడకపోతే అదే జవాబనుకోండి, కాకపోతే ఈ నోరు మూతపడ్డం కష్టం అంటే అందరూ నవ్వారు. ఆర్లో టాగర్ట్ ఒక్కడే జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

ఆర్లోకి యాభై ఏడేళ్ళు. కొండల్లో బొగ్గు గనుల ఊరివాడు. ప్రభుత్వం కొనే కంప్యూటర్ వ్యవస్థలు సరిగ్గా పనిచేస్తాయో లేదో పరీక్షించే ఉద్యోగంలో ఇరవై రెండేళ్ళు గడిపి, ఇప్పుడొక చిన్న సంస్థలో ఉన్నాడు. ఆడవాళ్ళెవరితో మాట్లాడినా ‘మేడమ్’ అంటాడు. నీకంటే నేను రెండేళ్ళే పెద్ద, మేడమేమిటయ్యా నా మొహం అని కసిరాను. సరే మేడమ్ అన్నాడు. రెండో మంగళవారం ఒక గాజు సీసా పట్టుకొచ్చి బల్ల మధ్యలో పెట్టాడు. ఆపిల్ పళ్ళని పొద్దస్తమానం ఉడికించి చేసే నల్లటి ముద్ద, టోస్టు మీద రాసుకుంటారు. వాళ్ళ తమ్ముడు లైల్ చేయించాడట. చేయించడమేమిటని ప్రెస్టన్ గైల్స్ అడిగాడు. ప్రెస్టన్ ఒక పెద్ద కంపెనీ తరఫున చట్టాల వ్యవహారాలు చూసేవాడు, నలభై ఏళ్ళవాడు, ప్రతి చీటీ మీదా ఎవరో ఒక పెద్దమనిషితో భోజనం కోరేవాడు. లైల్ చక్రాల కుర్చీలోంచి కేకలేస్తుంటే మిగతావాళ్ళు గరిటె తిప్పుతారని ఆర్లో చెప్పాడు. ఆ రోజునుంచి ప్రెస్టన్ ఆయన్ని ‘సీసా సారు’ అనేవాడు. సీసా ఖాళీ చేసినవాడు మాత్రం ప్రెస్టనే.

ఆ రోజే ఆర్లో తన నీలం చీటీ ఇచ్చాడు. కాంగ్రెస్‌లో ఒక కమిటీ ఆ వసంతంలో కృత్రిమ మేధ బిల్లు తయారుచేస్తోంది. ఆ కమిటీలో బిల్లు రాసే న్యాయవాది మరీబెల్ కింటానా. ‘ఆమె నాలుగు పేజీలు చదవాలి, కలవకపోయినా ఫరవాలేదు’ అని చీటీలో రాశాడు. పరిచయం అక్కర్లేదు, చదివితే చాలన్న మనిషిని నేనంతకు ముందు చూళ్ళేదు. చీటీకి క్లిప్పు పెట్టి నాలుగు పేజీలు కూడా ఇచ్చాడు. సంచిలో వేసుకున్నాను.

ఆ రోజు మెట్రో స్టేషన్ దాకా నాతో నడుస్తూ అసలు సంగతి చెప్పాడు. లైల్‌కి కండరాలు కరిగిపోయే జబ్బు. పెళ్ళీ పిల్లలూ లేరు. ఇంట్లో ఒక్కడే ఉంటాడు. ప్రభుత్వం పంపే సహాయకురాలు వారానికి యాభై ఆరు గంటలు వచ్చేది. కిందటి ఏడాది ఎవరికి ఎన్ని గంటలివ్వాలో లెక్కకట్టే పని ఒక యంత్రానికి అప్పజెప్పారు. అది లైల్‌కి ముప్ఫై రెండు చాలంది. ఎందుకో ఉత్తరంలో లేదు. ఫోను చేస్తే రికార్డు చేసిన గొంతు తప్ప మనిషి లేడు. అన్న ఇరవై రెండేళ్ళు అలాంటి యంత్రాలనే పరీక్షించినవాడు, అయినా తమ్ముడి పక్కన కూర్చుని రెండుసార్లు అప్పీలు రాస్తే రెండుసార్లూ ఓడిపోయాడు. ఆ నాలుగు పేజీల్లో అడిగింది ఒక్కటే. యంత్రం ఎవరికైనా కోత పెడితే, ఎందుకో వాళ్ళకర్థమయ్యే మాటల్లో చెప్పాలి. దాన్ని మార్చే అధికారమున్న మనిషొకడు ఫోను ఎత్తాలి.

ఈ సంగతి బల్ల దగ్గర చెప్పమంటే ఒప్పుకోలేదు. సొంత కష్టం చెప్పుకున్నవాడి మాటకి ఈ ఊళ్ళో విలువ తగ్గుతుందని ఆయన భయం. నిజమే, జాలి పడతారు, కాయితం మాత్రం పక్కన పెట్టేస్తారు.

“ఈ బిల్లు వచ్చి వాడికి ఒరిగేదేమీ లేదు మేడమ్. అది అమల్లోకొచ్చేసరికి ఏళ్ళు పడుతుంది. కానీ వాడికి మాటిచ్చా. నీ సంగతి అక్కడ ఒక్కళ్ళ చేతనైనా చదివిస్తాన్రా అని.”

చదివిద్దాంలే అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో.

మరీబెల్ నాకు కొత్త కాదు. పన్నెండేళ్ళ కిందట నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల. నేనొక మాట చెబితే తీసెయ్యదు. ఆ సాయంత్రమే మూడు వాక్యాల ఈమెయిల్ రాశాను. రాసి, పంపబోయి, ఆగాను.

ఎందుకాగానో చెబితే మీకు ఒళ్ళు మండుతుంది. మే నెలలో మా ఆఖరి టిఫినుకి ఫౌండేషన్ వాళ్ళు వస్తారు. కార్యక్రమాన్ని ఇంకో ఏడాది నడిపించాలో వద్దో అక్కడే తేలుతుంది. ఆ రోజు అసలైన కమిటీ మనిషిని అతిథిగా కూర్చోబెట్టి చూపించాలని నా ఆరాటం. మరీబెల్‌ని పిలుద్దామనుకున్నాను. ఇక్కడ మా వృత్తిలో ఒక లెక్కుంది. పనిలో మునిగిపోయిన మనిషిని సీజనుకి ఒక్కసారే అడగాలి. రెండుసార్లు అడిగితే పీక్కుతింటున్నారనుకుంటారు, మూడోసారి ఫోను ఎత్తరు. ఉన్నది ఒక్క కోరిక. దాన్ని నా బల్ల కోసం వాడుకున్నాను. ముందు అతిథిగా ఒప్పుకోనీ, తర్వాత మెల్లగా ఆర్లో కాయితం ఇద్దామని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఫిబ్రవరిలో ఆమె ఒప్పుకుంది. ఒప్పుకోగానే ఇంకోటి అడగడం ఆశపోతుతనంగా అనిపించింది. ఇంకో రెండు వారాలు చూద్దామనుకున్నాను.

ఆ రెండు వారాలూ అయిపోయాయి. ఆర్లో ఏమీ అడగలేదు. పద్ధతి రాసిపెట్టుకున్న మనిషి కదా. తర్వాతి మంగళవారం ఆయన చీటీలో ‘ఈసారి అడిగేదేమీ లేదు, ఎవరికైనా ఏదైనా చదివిపెట్టాలంటే చెప్పండి’ అని ఉంది. చూసి, అమ్మయ్య అనుకున్నాను. నన్ను నేను క్షమించుకోలేని మాట ఏదైనా ఉందంటే అదే. మరీబెల్ వద్దందని ఆయన అనుకుంటున్నాడని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. ఈమెయిల్ పంపిన రోజున కబురు చెప్పి ఆశ్చర్యపరుద్దామని ఊహించుకున్నాను కూడా.

ఆయన మాత్రం అన్నమాట ప్రకారం అందరివీ చదివిపెట్టాడు. ప్రెస్టన్ అరవై పేజీల నివేదిక ఇస్తే రెండు రోజుల్లో పేజీ పేజీకీ పెన్సిలుతో దిద్ది తెచ్చాడు. సీసా సారు లేకపోతే నా పరువు పోయేదని ప్రెస్టన్ బల్లంతా వినబడేలా అన్నాడు. మార్చి అంతా ఆ గదిలో ఎవరి కాయితం చూసినా ఆర్లో పెన్సిలు గీతలే.

ఏప్రిల్ రెండో మంగళవారం ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. నాలుగు నెలల్లో మొదటిసారి. మధ్యాహ్నం రెండు ముక్కల మెసేజ్ వచ్చింది, లైల్ పోయాడని. తర్వాత వివరం తెలిసింది. గంటలు తగ్గించాక సహాయకురాలు ఆదివారాలు వచ్చేది కాదు. ఆ ఆదివారం మధ్యాహ్నం లైల్ కుర్చీలోంచి పడ్డాడు. సోమవారం పొద్దున్న ఆమె వచ్చి తలుపు తీసేదాకా ఎవరికీ తెలీదు. నేను బల్ల తరఫున పూలు పంపాను. అందరిచేతా సంతకాలు పెట్టించిన కార్డు కూడా పంపాను. ఆ రోజు ఈమెయిల్ తెరిచి ఆ మూడు వాక్యాలూ మళ్ళీ చూశాను. ఇప్పుడు పంపితే చావుని అడ్డం పెట్టుకుని అడిగినట్టుంటుందేమో అనిపించింది. వంక వెతుక్కునేవాళ్ళకి వంకలకేం తక్కువ.

మే మొదటి గురువారం కమిటీ కూర్చుని బిల్లుకి తుదిరూపు ఇచ్చింది. తర్వాతి మంగళవారమే మా ఆఖరి టిఫిను.

మరీబెల్ అన్నమాట ప్రకారం వచ్చింది. నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి. నన్ను కావలించుకుని, మీరు పిలవబట్టి వచ్చాను కానీ లేకపోతే ఇంకా మంచం మీదే ఉండేదాన్నంది. ఫౌండేషన్ వాళ్ళిద్దరూ ఆమెకి ఎదురుగా కూర్చున్నారు. నా గుండె గాల్లో తేలుతోంది. ఆర్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. కొంచెం చిక్కాడు. బల్ల మధ్యలో మళ్ళీ ఒక సీసా పెట్టాడు. లైల్ చేయించినవాటిలో ఇదే ఆఖరిదన్నాడు. దాని మూత ఎవరూ తియ్యలేదు, ప్రెస్టన్ కూడా.

గుడ్లూ టోస్టూ అయ్యాయి, కాఫీలు నడుస్తున్నాయి. బిల్లు మొదటి ప్రతిలో ఏడో సెక్షన్ అని శీర్షిక ఉండేదట, మొన్న చూస్తే ఆరు తర్వాత ఎనిమిదోదే ఏడోదైపోయింది, ఏమైందని ప్రెస్టనే అడిగాడు. మరీబెల్ కప్పు కింద పెట్టింది.

“ఆరు వారాలు ఆ సెక్షన్ ఖాళీగా అట్టే పెట్టాం. యంత్రం కోత పెడితే మనిషి ఎవరికి చెప్పుకోవాలి, అదీ అందులో రాయాల్సింది. మాలో ఎవరికీ దాని లోతు తెలీదు. ఆ యంత్రాల్ని లోపల్నించి చూసినవాళ్ళు కావాలి, దెబ్బతిన్న ఇంట్లో కూర్చుని అప్పీలు రాసినవాళ్ళు కావాలి. నాలుగు మాటలు రాసిచ్చినా చాలు, నిలబెట్టేదాన్ని. ఒక్కరూ దొరకలేదు. ఖాళీ సెక్షన్‌తో కమిటీకెళ్ళలేం కదా, తీసేశాం.”

తర్వాత నా వైపు తిరిగి నవ్వింది. “మిమ్మల్నే అడుగుదామనుకున్నానండీ. కానీ అప్పటికే మీ అతిథిగా వస్తానని ఒప్పుకున్నా కదా. మీ పిలుపు అందుకుని, మళ్ళీ మీ దగ్గరే మనిషిని అడిగితే ఇచ్చిపుచ్చుకున్నట్టు ఉంటుందని ఊరుకున్నా.”

బల్ల చుట్టూ అందరూ అయ్యో అన్నట్టు తలలాడించారు. వాళ్ళకేం తెలుసు. ఆర్లో కోరిక తెలిసింది నాకూ ఆయనకే, ఎవరి చీటీలో ఏముందో బయట పెట్టకపోవడం కూడా నా పద్ధతే. కిటికీ వైపు చూశాను. ఆర్లో పళ్ళెంలోకి చూస్తూ, ఫోర్కుని పళ్ళెం అంచుకి సమానంగా సర్దుతున్నాడు. మరీబెల్‌తో ఒక్క మాటా అనలేదు. వద్దన్న మనిషిని రెండోసారి అడగకూడదు కదా.

ఫౌండేషన్ వాళ్ళు వెళుతూ వెళుతూ నా చెయ్యి గట్టిగా ఊపారు. వచ్చే ఏడాదికి బెంగ పెట్టుకోవద్దన్నారు. ఒక్కొక్కరే మెట్లు దిగారు. మరీబెల్ కూడా పనుందని పరిగెత్తింది. నేను చీటీల పెట్టె సర్దుతూ తలెత్తేసరికి, ఆర్లో ఒక్కడే కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. హోటలు వాళ్ళు సర్దుకుంటారులే అన్నాను. ఆయన ఆపలేదు.

“ఆవిడ మర్చిపోయుంటుంది మేడమ్. రోజుకి ఎంతమంది అడుగుతారో పాపం. మీరు అడిగిన సంగతి కూడా గుర్తుండదు.”

తప్పించుకునే దారి ఆయనే చూపించాడు. అవునేమో అంటే చాలు, నేను బయటపడేదాన్ని. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తేవాడు కూడా కాదు. ముప్ఫై ఏళ్ళ అనుభవం నాకు అదే చెప్పింది. కానీ ఆ కుర్చీలు పేర్చే చేతులు చూస్తే అబద్ధం రాలేదు.

“నేను అడగలేదు ఆర్లో.”

“అంటే, ఆవిడ వద్దన్లేదా?”

“అడిగితే కదా వద్దనడానికి. ఈమెయిల్ రాశాను. పంపలేదు. ఇవాళ్టికి ఆమెని పిలవడం కోసం ఆగాను. ఆమెని ఒక్కసారే అడగ్గలను, అది నా కోసం వాడుకున్నాను.”

ఆయన చేతిలో కుర్చీ నేల మీద పెట్టి దాని మీదే కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. కిటికీలోంచి బస్సుల్ని చూస్తూ అన్నాడు.

“ఫిబ్రవరిలో వాడికి ఫోన్లో చెప్పాను. కమిటీ వాళ్ళు చదివార్రా, కుదరదన్నారని. మీరు పేజీలు చూపించే అడిగుంటారని నేననుకున్నాను మరి. వాడేమన్నాడో తెలుసా? పోన్లే అన్నయ్యా, చదివారు కదా అన్నాడు. ఆ తర్వాత ఎవరొచ్చినా వాడికదే మాట. ఆ సహాయకురాలికి చెప్పాడు, ఉత్తరాలిచ్చే అతనికి చెప్పాడు. వాషింగ్టన్‌లో నా సంగతి చదివారని. ఆ సహాయకురాలే నాకు శ్మశానం దగ్గర చెప్పింది.”

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చే హక్కు నాకు లేదని ఆపుకున్నాను, అయినా ఆగలేదు. క్షమించమన్నాను. ఆ మాట ఆయన విన్నాడో లేదో తెలీదు.

“మీరైనా చదివారా, వెర్నా?”

మేడమ్ అనలేదు. నాలుగు నెలల్లో మొదటిసారి నా పేరు పెట్టి పిలిచాడు.

ఎవరి కాయితాలూ నేను చదవను. చేరవెయ్యడమే నా పని, చదవడం అవతలివాళ్ళ పని. ఇన్నేళ్ళూ అదే గొప్పగా చెప్పుకున్నాను. ఆ మాట ఇప్పుడు ఎలా చెప్పను?

“లేదు” అన్నాను.

తల ఊపాడు. అవెక్కడున్నాయని అడిగాడు. సంచిలో జనవరి నుంచి అలాగే ఉన్నాయి, ఒక పుస్తకం అట్ట లోపల. తీసిచ్చాను. పెట్టిన క్లిప్పు పెట్టినట్టే ఉంది, ఒక్క మడత కూడా పడలేదు. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, నా చేతికి తిరిగిచ్చేశాడు. పేర్చిన కుర్చీల్లోంచి ఒకటి దించి, బల్ల దగ్గరికి లాగి, నా ముందు పెట్టాడు.

“కూర్చోండి. నేనిక్కడే ఉంటాను.”

కూర్చున్నాను. తొమ్మిదిన్నర దాటింది, ఆయనకి ఆఫీసుకి ఆలస్యమవుతోంది. కదల్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నవాడిలా నా ఎదురుగా కూర్చున్నాడు. నేను కళ్ళద్దాలు తుడుచుకుని మొదటి పేజీ మొదలుపెట్టాను. ఎక్కడా ఏడుపు లేదు, నిష్ఠూరం లేదు. యంత్రం ఏమేం అడుగుతుందో, ఏమేం అడగదో, ఒక్కో వాక్యం పొడిపొడిగా ఉంది. లైల్ పేరు ఎక్కడా లేదు. అన్నిచోట్లా ‘ఒక వ్యక్తి’ అనే ఉంది.

నాలుగో పేజీ అడుగున, మా వృత్తిలో నిజాయితీపరులు రాసే గమనిక సన్నటి అక్షరాల్లో ఉంది. ‘ఈ విషయంలో నాకు సొంత ప్రయోజనం ఉంది. నా తమ్ముడు లైల్ టాగర్ట్ ఈ పద్ధతి కింద బతుకుతున్నాడు. నా మాటలని ఆ మేరకు తగ్గించి తీసుకోగలరు.’

అయిపోయిందన్నాను. ఆయన లేచి టోపీ పెట్టుకుని, సీసా బల్ల మీదే వదిలేసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. గోడ గడియారం చూశాను. నాలుగు పేజీలూ చదవడానికి నాకు పదకొండు నిమిషాలు పట్టింది.